రంగు కింద రసాయనం: పాత మోటారు సైకిలుకు తగిన పెయింటరు

పాత మోటారు సైకిలును పునరుద్ధరించేటప్పుడు ఇంజను విప్పేవారు, వైరింగు సరిచేసేవారు, స్పోకులు బిగించేవారు, క్రోమ్ పూత వేసేవారు ఎవరి పని వారు ముగించుకుని తప్పుకున్నాక, చూసేవారి కంటికి అన్నిటికన్నా ముందు ఆనేది పెయింటరు పనే. ప్రైమర్ మొదలుకొని పైనున్న పారదర్శక పూత వరకు అన్ని పొరలనూ కలిపి కొలిచినా ఆ పని మందం సాధారణంగా 100 నుంచి 200 మైక్రాన్లే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కాబట్టి, ఇది రెండు మూడు తలవెంట్రుకలంత మందం. ఇంత పలుచని పొర ఇనుమును గాలి నుంచి, నీటి నుంచి, పెట్రోలు నుంచి కాపాడుతూ, సూర్యకాంతికి తట్టుకుని, యాభై ఏళ్ల కిందటి రంగును మళ్లీ చూపించాలి. చేయి తిరిగినవాడు వేసినా, అరకొరగా నేర్చినవాడు వేసినా కొత్త రంగు మొదటి నెలలో ఒకేలా మెరుస్తుంది. తేడా బయటపడేది రెండు వానాకాలాలు గడిచాకే. అందువల్ల మంచి పెయింటరును వెదకడమంటే, రంగు కింద ఏమి జరుగుతుందో ఎరిగిన మనిషిని వెదకడమే.

తెలుగు ప్రాంతాల్లో ఇలా షెడ్లకు వచ్చే బళ్లలో తరచుగా కనిపించేవి 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసు శివారు తిరువొత్తియూరులో తయారుచేసిన బుల్లెట్లు, 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా సంస్థ చేసిన జావాలు, అదే సంస్థ 1973 నుంచి తెచ్చిన యెజ్డిలు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్‌లు. ఇవన్నీ నేటి కార్ల పూతల కన్నా వేరైన పూతలతో కర్మాగారం గడప దాటాయి. ఆ తేడా తెలియకుండా పాత పొర మీద కొత్త పొరను వేయడం దగ్గరే చాలా పనులు చెడిపోతాయి కనుక, ముందుగా పూతల చరిత్రను కొంత చూడవలసి ఉంటుంది.

ఏ పూతలోనైనా ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి: రంగునిచ్చే వర్ణకం, అంటే ద్రవంలో కరగని సన్నని పొడి, ఆ పొడిని పట్టి ఉంచి ఆరాక పొరగా నిలిచే బంధకం, అంటే రెజిన్, ఈ రెండింటినీ స్ప్రే గన్‌లోంచి చిమ్మడానికి వీలుగా పలుచన చేసి, ఆపై గాలిలో కలిసిపోయే ద్రావణి, అంటే షెడ్లలో అందరూ థిన్నర్ అనే ద్రవం. వాహనాల పెయింటు చరిత్ర చాలావరకు బంధకం చరిత్రే. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో సైకిళ్లకు, మోటారు సైకిళ్ల ఛాసిస్‌లకు వేసిన జపాన్ బ్లాక్‌లో బంధకంగా పనిచేసింది సహజమైన తారు, అవిసె నూనె. దానిని పూసిన ఇనుమును కొలిమిలాంటి పెట్టెలో కాల్చి గట్టిపరిచేవారు. ఆ పూత దృఢమైనదే గాని, తారు స్వతహాగా నల్లనిది కనుక నలుపు తప్ప మరో రంగు సాధ్యమయ్యేది కాదు. 1923లో అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ డ్యూకో అనే పేరుతో నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను తెచ్చినప్పుడు, జనరల్ మోటార్స్ తన ఓక్‌లాండ్ కార్లకు దానిని వాడి, వారాల తరబడి సాగే రంగు పనిని ఎంతో కుదించింది. పత్తి నారను నైట్రిక్ ఆమ్లంతో మార్చి చేసే ఆ పదార్థం పేరు మన షెడ్లలో నేటికీ డ్యూకో పెయింట్ అనే మాటగా బతికి ఉంది. ఆ తర్వాత నూనెలను, సంశ్లేషిత రెజిన్లను కలిపిన ఆల్కిడ్ ఎనామెళ్లు, వేడిలో గట్టిపడే స్టోవింగ్ ఎనామెళ్లు వచ్చాయి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనుగొన్న పాలీయురెథేన్ రసాయనం మీద ఆధారపడి, హార్డెనర్ కలిపి వాడే నేటి రెండు డబ్బాల పూతలు, అంటే షెడ్లలో పి.యు. అనేవి, తయారయ్యాయి.

ఈ వరసలో పెయింటరు గుర్తుంచుకోవలసిన తేడా ఒక్కటే. లాకర్ ఆరడమంటే థిన్నర్ ఎగిరిపోవడమే. బంధకంలో రసాయన మార్పు జరగదు కనుక, ఎన్ని ఏళ్ల తర్వాత థిన్నర్ తగిలినా అది మళ్లీ కరుగుతుంది. ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్ వల్లనో వేడి వల్లనో తన అణువులను ఒకదానికొకటి ముడివేసుకుంటుంది, పి.యు. పూత హార్డెనర్‌తో చర్య జరిపి ఇంకా గట్టిగా ముడిపడుతుంది. అందుకే బండిని చూడగానే రంగు పేరు అడిగేవాడి కన్నా, సీటు కిందనో టూల్ బాక్సు వెనకనో ఎవరికీ కనబడని చోట థిన్నర్‌లో ముంచిన దూదితో కాసేపు రుద్దిచూసేవాడే నమ్మదగినవాడు. దూదికి రంగు ధారాళంగా అంటితే అడుగున లాకర్ ఉన్నట్టు. పొర మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్ ఉన్నట్టు. రెండూ జరగకపోతే ఎవరో ఈ మధ్య కాలంలో రెండు డబ్బాల పూత వేసి ఉండవచ్చు. పాత ఆల్కిడ్ మీద ఘాటైన థిన్నర్ ఉన్న కొత్త పూతను నేరుగా కొడితే, అడుగు పొర ఉబ్బి పైపొరను లేపేస్తుంది. ఈ చిన్న పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది. దానిని వదిలేసినందుకు టాంకు మొత్తాన్ని మళ్లీ గీకవలసి వస్తుంది.

రంగు తీసేశాక కనిపించే ఇనుమే అసలు విషయం. తుప్పు అంటే ఇనుము నీటితోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి ఏర్పరచుకునే ఆక్సైడ్లు, హైడ్రాక్సైడ్లు; అవి తాము పుట్టిన ఇనుము కన్నా రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, పూత కింద మిగిలిన ఒక్క తుప్పు చుక్క కూడా పెరుగుతూ పొరను లోపలి నుంచి పైకి నెడుతుంది. తుప్పును హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి వేగంగా తెల్లబరచడం కొన్ని షెడ్లలో అలవాటు. కాని ఆ ఆమ్లపు క్లోరైడ్లు గుంటల్లో మిగిలిపోతే, గాలిలోని తేమను పీల్చుకుంటూ కొత్త తుప్పుకు తామే విత్తనాలవుతాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఇందుకు భిన్నంగా ఇనుము మీద ఐరన్ ఫాస్ఫేటు అనే పలుచని బూడిద రంగు పొరను మిగులుస్తుంది, దాని గరుకుదనం ప్రైమర్‌కు పట్టునిస్తుంది. ఏ ఆమ్లం వాడుతున్నారు, వాడాక ఎలా కడుగుతున్నారు, కడిగిన ఎన్ని గంటల్లో ప్రైమర్ కొడుతున్నారు అన్న మూడు ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలవాడు ఈ దశను నిజంగా ఎరిగినవాడు. తీరప్రాంతంలో గీకి వదిలిన ఇనుము ఒక్క రాత్రిలోనే పసుపు పట్టడం అందరూ చూసేదే.

పుట్టీ గురించి ఇంకొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే మోసం జరిగేదీ, అమాయకంగా తప్పు జరిగేదీ ఎక్కువగా ఇక్కడే. సొట్టలను టింకరింగ్ మేస్త్రి సుత్తితో, డాలీతో వీలైనంతవరకు సరిచేసి, మిగిలిన సన్నని పల్లాలను మాత్రమే పుట్టీతో నింపాలి. ఎన్.సి. పుట్టీ, అంటే నైట్రోసెల్యులోజ్ పుట్టీ, లాకర్ జాతిది. దానిలోని థిన్నర్ నెమ్మదిగా ఎగిరిపోతున్న కొద్దీ అది కుంచించుకుపోతుంది కాబట్టి, మందంగా పూస్తే నెలల తర్వాత ఆ పల్లం రంగు మీద మళ్లీ తేలుతుంది. హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీ అంతగా కుంచించుకోదు గాని, అందులోని టాల్క్ పొడి వల్ల సన్నని రంధ్రాలతో ఉండి నీటిని పీల్చుకుంటుంది. దానిని వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, సరిగా ఆరనివ్వకుండా ప్రైమర్ కొడితే, లోపల చిక్కిన నీరు మొదటి ఎండాకాలంలోనే బొబ్బలుగా బయటపడుతుంది. అందుకే పుట్టీని పొడి ఎమెరీతో రుద్ది, నీటితో రుద్దడాన్ని ప్రైమర్ సర్ఫేసర్ పొర మీదకు వాయిదా వేసే పెయింటరును చూస్తే అతని గురువు మంచివాడని అర్థమవుతుంది. పూర్తయిన పనిలో పుట్టీ ఎంత ఉందో తెలుసుకోవడానికి పూత మందాన్ని అయస్కాంత ప్రేరణతో కొలిచే చిన్న పరికరాలు దొరుకుతాయి. అవి లేనప్పుడు పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని టాంకు మీద జరిపితే, పట్టు సడలిన చోట ఇనుము ఎంత లోతున ఉందో చెయ్యే చెబుతుంది.

ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయించడం ఇటీవల బాగా వ్యాపించింది. విద్యుదావేశంతో ఇనుముకు అంటుకున్న రెజిన్ పొడిని సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి పొరగా మార్చే ఈ పద్ధతి చవకైనది, దెబ్బలకు తట్టుకునేది. అయితే ఆ పొర మందంగా ఉండి వెల్డింగు గీతలను, చెక్కిన ఛాసిస్ నంబరును పూడ్చేస్తుంది. ఒక చోట పగిలితే తేమ దాని కిందుగా పాకుతుంది. పాత టాంకుల విషయంలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది: చిల్లులను గతంలో తగరం, సీసం కలిసిన మెత్తని సోల్డరుతో మూసి ఉంటే, అది దాదాపు 183 డిగ్రీల దగ్గర నుంచే మెత్తబడుతుంది కనుక పౌడర్ కోటింగ్ పెట్టెలో ఆ అతుకులు విడిపోతాయి. టాంకును వేడి చేయబోయే ముందు దాని పాత మరమ్మతుల గురించి అడగని పెయింటరుకు టాంకు అప్పగించకూడదు.

గన్ పట్టాక గాలి కూడా పనిలో భాగస్వామి అవుతుంది. థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు తాను వదిలే ఉపరితలం నుంచి వేడిని లాక్కుపోతుంది. అంటే అప్పుడే కొట్టిన రంగు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంటుంది. ఉపరితలం మంచుబిందు స్థానం, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, కన్నా కిందికి దిగితే ఆ నీరు రంగులోకి దిగి లాకర్‌ను పాలిపోయినట్టు తెల్లగా చేస్తుంది. గాలి 32 డిగ్రీల వేడితో 85 శాతం తేమతో ఉండే విశాఖపట్నం లేదా మచిలీపట్నం వానాకాలపు మధ్యాహ్నం మంచుబిందు స్థానం దాదాపు 29 డిగ్రీలు. రంగు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు పని చెడుతుంది. అదే హైదరాబాదులో 36 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న వేసవి రోజున ఆ స్థానం 16 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. కాని అక్కడ గన్‌లోంచి వెలువడిన తుంపర ఇనుమును చేరేలోపే సగం ఎండిపోయి, పరుచుకోలేక ఆరెంజ్ పీల్ అనే గరుకుతనాన్ని మిగులుస్తుంది. మొదటి చోట పని ఆపడం లేదా ఆలస్యంగా ఆరే థిన్నర్‌ను తగు పాళ్లలో కలపడం, రెండో చోట నిదానపు థిన్నర్‌తో తెల్లవారుజామున కొట్టడం అనుభవజ్ఞుల పద్ధతులు. ఒక పొర ఆరకముందే మరో మందపు పొర వేస్తే, పాల మీద మీగడలా పైన పొర కట్టుకుని, లోపల చిక్కిన థిన్నర్ తర్వాత దానిని పొడుచుకుని సూది రంధ్రాలుగా బయటికి వస్తుంది. తొందర పెట్టే యజమాని ఈ లోపానికి పెయింటరుతో సమాన బాధ్యుడు.

పి.యు. పూత గురించి మాట్లాడేటప్పుడు పనివాడి ఊపిరితిత్తుల గురించి మాట్లాడకుండా ఉండటం తప్పు. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు తుంపరగా పీల్చినప్పుడు శ్వాసనాళాలను సున్నితం చేస్తాయి. ఒకసారి అలా అయిన మనిషికి తర్వాత అతి స్వల్ప మోతాదు కూడా ఉబ్బసాన్ని తెస్తుంది. ఇవి ప్రమాదకర స్థాయికి చేరినా వాసనతో హెచ్చరించవు కనుక ముక్కుకు కట్టిన గుడ్డ దేనికీ పనికిరాదు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందే మాస్కు, పొగను లాగేసే ఫ్యాను ఉన్న గది కావాలి. ఆ ఏర్పాటు ఉన్న షెడ్డు కొంత ఎక్కువ అడుగుతుంది, అది న్యాయమైన ధర. పైగా అదే గదిలో దుమ్ము తక్కువగా ఉండటం, పూతను 60 డిగ్రీల దగ్గర సుమారు అరగంట వేడిచేసే వీలుండటం పని నాణ్యతనూ పెంచుతాయి.

రంగును కుదర్చడం దగ్గర కన్ను ఒక్కటే చాలదు. ఎండ తగలని అసలు రంగు టాంకు బ్యాడ్జి కింద, మోకాలి రబ్బర్ల వెనక, సీటు కింద దొరుకుతుంది. దానిని చూపించి నమూనా కలిపించుకోవడం సరైన మార్గమే. అయితే నూనె కలిసిన ఆల్కిడ్ పూతలు చీకటిలో పచ్చబడతాయన్నది రసాయన సత్యం, ముఖ్యంగా తెలుపు, క్రీము రంగుల్లో ఇది స్పష్టం. కాబట్టి బ్యాడ్జి కింద కనిపించిన క్రీము కర్మాగారం నాటిది అనుకోకుండా, కొన్ని రోజులు ఎండ వెలుతురులో ఉంచి, తేరుకున్న రంగునే నమూనాగా తీసుకోవాలి. ఎరుపుల్లో మరో చిక్కు: కొన్ని సేంద్రియ వర్ణకాలు ఎండకు వెలిసిపోతాయి గాని, ఇనుప ఆక్సైడు కలిసిన మెరూన్ అంతగా వెలవదు. రెండు రంగులు ఒక దీపం కింద ఒకటిగా, మరో వెలుతురులో వేరుగా కనిపించడాన్ని మెటామెరిజం అంటారు. కలిపిన వర్ణకాలు వేరైనప్పుడు ఇది జరుగుతుంది. జావా టాంకు మీద క్రోమ్ పక్కన ఉండే మెరూన్‌ను షెడ్డు ట్యూబులైటు కింద ఒప్పుకుని, ఇంటికి తెచ్చాక ఎండలో చూసి గతుక్కుమనే యజమానుల కష్టానికి కారణం ఇదే. నమూనా రేకును పొద్దుటి ఎండలో, నీడలో, దీపం కింద మూడుసార్లు చూడమని తానుగా చెప్పే పెయింటరు అరుదు, విలువైనవాడు. రంగు పూర్తిగా మార్చాలనుకునేవారు ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుందని, ముందుగా రవాణా శాఖను సంప్రదించాలని మరచిపోకూడదు. 2021లో మారిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవాలన్నా, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపం నిలిచి ఉండాలి.

గీతల పని వేరే విద్య. బుల్లెట్ టాంకు మీది బంగారు గీతలను చేత్తో గీయడం మద్రాసు కర్మాగారంలో దశాబ్దాలుగా సాగుతున్న సంప్రదాయం. ఒకే కుటుంబానికి చెందిన చేతులు దానిని తర్వాతి కాలానికి అందించాయి. గీత గీసేవాడు ఉడుత వెంట్రుకలతో చేసిన పొడవైన కుంచెను ఎనామెల్‌లో ముంచి, రేకు మీద అటూ ఇటూ లాగి, వెంట్రుకలన్నీ ఒకే దిక్కుకు వాలి రంగు సమంగా నిండాక, చిటికెన వేలిని టాంకు అంచుకు ఆనించి దానినే ఆధారంగా చేసుకుంటాడు. అప్పుడు కుంచె మొనను కాక వెంట్రుకల పొడవును ఉపరితలం మీద పరిచి, చెయ్యి కాక భుజం కదిలేలా, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో వంపు దాటిస్తాడు. వెడల్పును నిర్ణయించేది కుంచె మీది ఒత్తిడి. పొడవును నిర్ణయించేది వెంట్రుకల్లో నిలిచిన రంగు. రంగు మరీ చిక్కనైతే గీత తెగుతుంది, మరీ పలుచనైతే అంచులు పాకుతాయి. టేపు అంటించి గన్‌తో కొట్టిన గీతకు అంచు మీద చిన్న గట్టు ఉంటుంది, గోరు తగిలిస్తే తెలుస్తుంది. స్టిక్కరు గీత వంపుల దగ్గర ముడుచుకుంటుంది. గన్ పనిలో నిపుణుడైనవాడు గీతల్లోనూ నిపుణుడై ఉండాలని ఆశించడం సరికాదు, ఇద్దరిని వెదకడమే మేలు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన సైన్‌బోర్డు చిత్రకారుల్లో, లారీల మీద అక్షరాలు రాసేవారిలో ఈ చేతి నిలకడ ఇంకా మిగిలే ఉంది. వారిని పునరుద్ధరణ వైపు పిలవడం బండికీ మంచిది, ఆ కళకూ మంచిది.

వెదికే పద్ధతి ఇక పెద్ద చిక్కు కాదు. పెయింటరు చేసిన కొత్త పనిని కాక, రెండు మూడేళ్ల కిందటి పనిని చూపమని అడిగి, మడ్‌గార్డు లోపలి వైపు, వెల్డింగు అతుకుల చుట్టూ, పెట్రోలు మూత కింద పరిశీలించాలి. పూత పట్టును పరీక్షించడానికి, పెయింటరు ఒప్పుకుంటే, నమూనా రేకు మీద బ్లేడుతో చిన్న గళ్లుగా గీసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగాలి. గళ్లు ఊడివస్తే ప్రైమర్‌కు, ఇనుముకు మధ్య ఎక్కడో లోపం ఉన్నట్టే. ఒక్కో దశకూ ఏ పదార్థం, ఎన్ని పొరలు, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాయించుకోవాలి, దశల వారీగా ఫొటోలు తీయించుకోవాలి, డబ్బును కూడా దశల వారీగా ఇవ్వాలి. వారంలో ఇచ్చేస్తానన్న మాటకు సంతోషించకూడదు.

అన్నిటికన్నా అరుదైనవాడు, పని వదులుకోగల పెయింటరు. ప్రాచీన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా రూపొందించిన ట్యూరిన్ చార్టర్, కట్టడాల పరిరక్షణకు 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ స్ఫూర్తితో, వాహనం మీద మిగిలిన అసలు పదార్థాన్ని వీలైనంత నిలుపుకోవాలని కోరుతుంది. కర్మాగారం నాటి రంగు పగుళ్లతోనైనా ముప్పావు వంతు మిగిలి ఉంటే, దానిని గీకేయడంలో పోయేది తిరిగి రాదు. అప్పుడు తుప్పు చోట్లను మాత్రమే శుభ్రం చేసి, మిగిలినదానికి సిలికాన్ లేని మైనం పట్టించి వదిలేయమని చెప్పేవాడు తన కూలిని వదులుకుని బండి చరిత్రను కాపాడుతున్నాడు. సిలికాన్ లేనిదే కావాలనడానికి కారణం, సిలికాన్‌కున్న అతి తక్కువ తలతన్యత వల్ల ఎప్పుడైనా పైన పడే రంగు చేప కళ్లలాంటి గుంటలుగా విడిపోవడం.

పూర్తయిన టాంకును బండికి బిగించే ముందు పూత గట్టిపడటానికి సమయం ఇవ్వాలి, పి.యు. పూత సాధారణ వేడిలో పూర్తిగా ముదరడానికి వారం వరకు పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మూత దగ్గర ఒలికినప్పుడు పాత తరహా లాకర్‌నూ, పలుచని ఆల్కిడ్‌నూ త్వరగా మెత్తబరుస్తుంది; అందువల్ల మిగిలిన భాగాలకు లాకర్‌నే కోరుకున్నా, మూత చుట్టూ రెండు డబ్బాల పారదర్శక పూత వేయమని అడగడం సబబు. మిగిలిన రంగును హార్డెనర్ కలపకముందే ఒక గాజు సీసాలో, మూత అంచుదాకా నింపి, కలిపిన వర్ణకాల పాళ్లు రాసిన చీటీ అంటించి పెయింటరు నుంచి తీసుకోవాలి.